పంపు పీల్చదు

అమెరికాలోని ఉత్తర డకోటా రాష్ట్రానికి రెండు వాతావరణ రికార్డులున్నాయి. ఒకటి పార్షల్ అనే ఊళ్లో 1936 ఫిబ్రవరి 15న నమోదైన అత్యల్ప ఉష్ణోగ్రత, మైనస్ 51 డిగ్రీల సెల్సియస్. రెండోది స్టీల్ అనే ఊళ్లో నమోదైన అత్యధిక ఉష్ణోగ్రత, 49 డిగ్రీలు. దాని తేదీ 1936 జులై 6. నీరు గడ్డకట్టే స్థానానికీ మరిగే స్థానానికీ మధ్య ఎంత దూరముందో, అంత దూరాన్ని ఆ రాష్ట్రం అయిదు నెలలు నిండకముందే నడిచింది. అదే ఏడాది ఇంగ్లండులో హ్యారీ ఫెర్గూసన్ ఆయిల్ ఒత్తిడితో నాగలిని ఎత్తి దించే ట్రాక్టర్‌ను అమ్మకానికి పెట్టాడు. ఈ రెండు సంగతులకూ అప్పట్లో ఏ సంబంధమూ లేదు. అలాంటి ట్రాక్టర్లు డకోటా చేరాక ఏర్పడింది.

మన దగ్గర ట్రాక్టర్ హైడ్రాలిక్స్‌ను పాడుచేసేవి దుమ్ము, వేడి, వాయిదా వేసిన ఆయిల్ మార్పిడి. అక్కడ వీటన్నిటికీ తోడు చలి ఉంది. పొలాలు నెలల తరబడి మంచు కింద ఉంటాయి కాబట్టి చలికాలంలో ట్రాక్టర్‌కు సెలవనుకుంటే పొరపాటు. పశువులకు సెలవు లేదు. అయిదారు వందల కిలోల గుండ్రటి గడ్డిచుట్టలను ముందరి లోడర్‌తో ఎత్తి రోజూ వాటి ముందు వేయాలి. ఆ పశువుల దగ్గరికి వెళ్లే దారిలోని మంచును కూడా అదే ట్రాక్టర్ తోయాలి. ఎత్తడం, దించడం, తిప్పడం, తోయడం అన్నీ హైడ్రాలిక్స్ పనే.

మైనస్ 30 డిగ్రీల ఉదయాన రైతు తాళం తిప్పుతాడు. ఇంజన్ అంటుకుంటుంది, ఎందుకంటే రాత్రంతా దానికి కరెంటు హీటర్ పెట్టి ఉంచాడు. అతను లోడర్ లివర్ లాగుతాడు. లోడర్ కదలదు. ఇంజన్‌కు హీటర్ ఉందిగానీ హైడ్రాలిక్స్‌కు లేదు. ఈ తేడా చాలామందికి జనవరిలోనే తెలుస్తుంది.

ముందు ఈ వ్యవస్థ ఎలా పనిచేస్తుందో చూద్దాం. మూసి ఉన్న పాత్రలోని ద్రవాన్ని ఒకచోట నొక్కితే ఆ ఒత్తిడి అన్ని వైపులకూ సమానంగా పాకుతుందని పదిహేడో శతాబ్దంలో పాస్కల్ చెప్పాడు. ట్రాక్టర్‌లో ఇంజన్ తిప్పే పంపు ఒకటి ఉంటుంది. అది అడుగునున్న తొట్టిలోని ఆయిల్‌ను తీసుకుని వాల్వుకు పంపుతుంది. వాల్వు అంటే ఆయిల్ ఎటు పోవాలో తేల్చే తలుపుల పెట్టె. అక్కడినుంచి ఆయిల్ సిలిండర్‌లోకి వెళ్లి అందులోని పిస్టన్‌ను తోస్తుంది. అటువైపున్న ఆయిల్ మళ్లీ తొట్టికి చేరుతుంది. ఇంతకంటే రహస్యం ఇందులో లేదు.

అయితే చాలా ట్రాక్టర్లలో ఆ తొట్టి హైడ్రాలిక్స్‌కు మాత్రమే చెందినది కాదు. గేర్‌బాక్సు, వెనక ఇరుసు, ఆయిల్ బ్రేకులు కూడా ఆ ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి. ఒకే ఆయిల్ గేర్లను అరగకుండా కాపాడాలి, బ్రేకు పలకల మధ్య తగినంత రాపిడి ఉండనివ్వాలి, లోడర్‌నూ ఎత్తాలి. అరగకూడదు, కానీ జారకూడదు అని ఒకే ద్రవాన్ని కోరడం ఇంజనీర్లకే చెల్లింది. ఈ సంగతి గుర్తుంచుకోండి, ఆయిల్ డబ్బాల దగ్గర పనికొస్తుంది.

పంపు గురించి రెండు అపోహలు తీర్చుకుంటే సగం పని అయిపోతుంది. మొదటిది, పంపు ఒత్తిడిని పుట్టిస్తుందన్నది. అది పుట్టించేది ప్రవాహాన్ని మాత్రమే. ఆ ప్రవాహానికి ఎదురు తగిలినప్పుడు ఒత్తిడి పుడుతుంది. గడ్డిచుట్ట బరువే ఆ ఎదురు. బరువు లేకపోతే పంపు ఎంత తిరిగినా గేజు ముల్లు పెద్దగా లేవదు. అది చూసి పంపు పోయిందని తేల్చేసేవారు ప్రతి జిల్లాలోనూ ఉంటారు.

రెండోది, పంపు ఆయిల్‌ను పీలుస్తుందన్నది. ఏ పంపూ ఏ ద్రవాన్నీ పీల్చలేదు. అది తన నోటి దగ్గర ఖాళీని సృష్టిస్తుంది, అంతే. తొట్టిలోని ఆయిల్ మీద కూర్చున్న గాలి తన బరువుతో ఆ ఖాళీలోకి ఆయిల్‌ను నెడుతుంది. మన మోటబావుల్లో నీరు అడుగంటుతున్న కొద్దీ రైతులు మోటారును బావి గోడలో గూడు కట్టి కిందికి దించుకుంటూ పోయింది ఇందుకే. పైన కూర్చున్న మోటారు ఎంత హార్స్‌పవర్ది అయినా, లెక్క ప్రకారం పది మీటర్లకు మించిన లోతు నుంచి నీటిని పైకి రప్పించలేదు. వాస్తవంలో ఏడు మీటర్లకే చేతులెత్తేస్తుంది. అక్కడ బలం మోటారుది కాదు, వాతావరణానిది. వాతావరణం కొత్త మోటారు కొన్నవారికి ఎక్కువా, పాతది వాడేవారికి తక్కువా ఇవ్వదు.

ఈ వ్యాసంలోని అసలు విషయం ఇదే. ట్రాక్టర్ పంపు ఆయిల్‌ను బయటికి తోసేటప్పుడు 170 బార్ దాకా, అంటే వాతావరణ ఒత్తిడికి 170 రెట్ల దాకా, బలం చూపగలదు. లోపలికి తెచ్చుకునేటప్పుడు మాత్రం దానికి దక్కేది ఒకే ఒక్క బార్, అందులోనూ పూర్తిగా కాదు. చలి వల్ల వచ్చే జబ్బు దాదాపు ఎప్పుడూ ఈ బలహీనమైన వైపే మొదలవుతుంది. మనుషులు వెతికేది మాత్రం లివర్ దగ్గర, సిలిండర్ దగ్గర, పంపు బయటి పైపు దగ్గర. అవి కంటికి కనిపిస్తాయి, మోకాళ్ల మీద కూర్చోనక్కర్లేదు.

చలి ఆయిల్‌ను ఏం చేస్తుందో అంకెల్లో చూద్దాం. ద్రవం పారడానికి చూపే మొండితనాన్ని స్నిగ్ధత అంటారు. వాడుకలో చిక్కదనం అందాం. దాన్ని సెంటీస్టోక్ అనే కొలతతో కొలుస్తారు. మామూలు గది వేడిలో నీటి చిక్కదనం ఒక సెంటీస్టోక్. హైడ్రాలిక్ ఆయిల్ డబ్బా మీద 46 అని ఉంటే, 40 డిగ్రీల వేడి దగ్గర దాని చిక్కదనం సుమారు 46 సెంటీస్టోకులని అర్థం. మామూలు ఖనిజ ఆయిల్ అయితే సున్నా డిగ్రీల దగ్గర ఇది సుమారు 580 అవుతుంది. మైనస్ 20 దగ్గర 4,500కు చేరుతుంది. మైనస్ 30 దగ్గర లెక్క 17,000 దాటుతుంది. చాలా పంపులు చల్లగా ఉన్నప్పుడు తిరగడం మొదలుపెట్టడానికి తట్టుకోగల హద్దు వెయ్యికీ రెండువేలకూ మధ్య ఉంటుంది. డబ్బా మీద ముద్రించిన అంకె మాత్రం 46గానే ఉంటుంది. అది అబద్ధం కాదు, 40 డిగ్రీల నాటి నిజం.

చిక్కదనం పెరిగితే ప్రవాహం ఎంత తగ్గుతుందో పందొమ్మిదో శతాబ్దంలో ప్వాజోయ్ అనే ఫ్రెంచి వైద్యుడు చెప్పాడు. ఆయన ఆసక్తి రక్తనాళాల్లోని ప్రవాహం మీద. సన్నని గొట్టంలో ప్రవాహం చిక్కదనం పెరిగిన కొద్దీ అదే నిష్పత్తిలో తగ్గుతుంది. చిక్కదనం వంద రెట్లయితే, అదే నెట్టుడుకు పారేది వందో వంతు. గొట్టం వెడల్పు ప్రభావం ఇంకా తీవ్రం. వెడల్పు సగమైతే ప్రవాహం పదహారో వంతుకు పడిపోతుంది. అందుకే పంపు నోటికి వచ్చే పైపు లావుగా, పొట్టిగా ఉంటుంది. దాని చివరి జాలీ సగం పూడుకుపోయినా ఎండాకాలంలో ఎవరికీ తెలియదు. చలికాలంలో ఊరంతా తెలుస్తుంది.

ఆయిల్ చాలినంత రాకపోతే పంపు ఆగదు, ఖాళీనే తిప్పుతుంది. నోటి దగ్గర ఒత్తిడి మరీ పడిపోవడంతో ఆయిల్‌లో కరిగి ఉన్న గాలి, ఆవిరి బుడగలుగా విడివడతాయి. ఆ బుడగలు పంపు లోపల ఒత్తిడి ఉన్న వైపు చేరగానే చితికిపోతాయి. ప్రతి చితుకూ లోహం మీద చిన్న సుత్తి దెబ్బ. దీన్ని కేవిటేషన్ అంటారు. డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టు చప్పుడు వస్తుంది, లేదా సన్నగా కీచుమంటుంది. కొద్ది నిమిషాల కీచు వల్ల పంపు చావదు. ప్రతి ఉదయం కొద్ది నిమిషాల చొప్పున కొన్నేళ్లు కీచుమంటే, లోపలి లోహం మీద గుంటలు పడతాయి.

ఈ చప్పుడు వినగానే సగటు మనిషి చేసే పని ఇంజన్ వేగం పెంచడం. లోడర్ ఎత్తడం లేదు కాబట్టి బలం చాలలేదన్నది అతని తర్కం. పంపు మరింత వేగంగా తిరిగి, రాని ఆయిల్‌ను మరింత గట్టిగా అడుగుతుంది. వాతావరణ ఒత్తిడి ఆక్సిలరేటర్‌కు స్పందించదు. చప్పుడు పెరుగుతుంది. చప్పుడు పెరిగింది కాబట్టి ఏదో జరుగుతోందన్న తృప్తి కూడా కలుగుతుంది.

ఇక రోగ నిర్ణయం. పానా పట్టుకునే ముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. అన్నీ మందగించాయా, ఒక్కటే మందగించిందా? మెల్లగా పనిచేస్తోందా, అసలు పనిచేయడం లేదా? వేడెక్కిన కొద్దీ బాగుపడుతోందా, లేదా? జవాబులు రావడానికి పావుగంట పడుతుంది. ఆ పావుగంట మైనస్ 30లో నిలబడాలి కాబట్టి చాలామంది ప్రశ్నలు మానేసి విడిభాగాల దుకాణానికి ఫోన్ చేస్తారు.

స్టీరింగ్, లోడర్, వెనక లిఫ్ట్ మూడూ బరువెక్కి, ఇంజన్ తిరిగిన కొద్దీ మూడూ తేరుకుంటుంటే కారణం ఆయిల్ చిక్కదనం. చాలా ట్రాక్టర్లలో ఇవన్నీ ఒకే తొట్టి మీద ఆధారపడతాయి కాబట్టి, అన్నిటికీ ఒకేసారి జబ్బు చేస్తే అనుమానం ఉమ్మడి వంటింటి మీదికే పోవాలి. విడిగా ఏ భాగమూ చెడలేదు. ఫిల్టర్ హెచ్చరిక దీపం వెలిగి, వేడెక్కాక ఆరిపోతే అది కూడా ఇదే కథ. చిక్కటి ఆయిల్ ఫిల్టర్‌లోంచి దూరలేక, ఫిల్టర్‌ను తప్పించే పక్కదారి వాల్వు తెరుచుకుంటుంది. ఆ కాసేపూ వడకట్టని ఆయిలే తిరుగుతుంటుంది. యంత్రం ఆకలితో చచ్చేకన్నా మురికి తిని బతకడం మేలన్నది ఆ వాల్వును పెట్టినవారి అభిప్రాయం.

దీనికి మందు చలికి తగిన ఆయిల్. ఇక్కడ డబ్బా మీది అంకెలు చదవడం రావాలి. అమ్మేవారు గొప్పగా చెప్పేది పోర్ పాయింట్. ఆయిల్‌ను సీసాలో పోసి చల్లబరుస్తూ, మూడేసి డిగ్రీలకొకసారి వంచి చూస్తారు. సీసాను అడ్డంగా అయిదు సెకన్లు పట్టుకున్నా ఆయిల్ కదలకపోతే, దానికి మూడు డిగ్రీలు పైనున్న ఉష్ణోగ్రతను పోర్ పాయింట్‌గా రాస్తారు. అంటే పోర్ పాయింట్ మైనస్ 36 అన్న ఆయిల్, ఆ చలిలో సీసాలో కదిలిందని అర్థం. పంపు నోట్లోకి వెళ్లిందని కాదు. కదలడం వేరు, వేళకు చేరడం వేరు.

అంతకంటే పనికొచ్చేది బ్రూక్‌ఫీల్డ్ చిక్కదనం. చల్లబరిచిన ఆయిల్‌లో కడ్డీని తిప్పి, అది ఎంత ఎదురు తిరుగుతుందో కొలిచి రాసే అంకె ఇది. డబ్బా మీద ఉండదు, తయారీదారు సాంకేతిక పత్రంలో ఉంటుంది. రెండు ఆయిల్స్‌ను పోల్చాలంటే మైనస్ 20 దగ్గరో మైనస్ 35 దగ్గరో ఈ అంకెలు పక్కపక్కన పెట్టి చూడాలి. మరో అంకె స్నిగ్ధతా సూచిక, అంటే వేడిచలులకు చిక్కదనం ఎంత తక్కువగా మారితే అంత ఎక్కువ మార్కులు. 1929లో ఈ కొలమానం తయారుచేసినప్పుడు అప్పటికి దొరికే మంచి ఆయిల్‌కు నూటికి నూరు వేశారు. ఇప్పటి ఆయిల్స్ నూటికి నూటయాభై తెచ్చుకుంటున్నాయి. నూరు దాటిన మార్కులకు వేరే లెక్క పెట్టాల్సి వచ్చింది.

పెద్ద ట్రాక్టర్ కంపెనీలు చలి ప్రాంతాల కోసం పలచటి రకాన్ని వేరుగా అమ్ముతాయి. జాన్ డీర్ కంపెనీ ప్రమాణాల్లో మామూలు రకం జె20సి, పలచటిది జె20డి. మైనం లేని సింథటిక్ ఆయిల్ అయితే చలికి ఇంకా బాగా లొంగుతుంది. ధర మాత్రం లొంగదు. ఏ రకం వాడాలో ట్రాక్టర్‌తో వచ్చిన పుస్తకంలో ఉష్ణోగ్రతల వారీగా పట్టిక ఉంటుంది. ఆ పుస్తకం సాధారణంగా సీటు వెనక సంచిలో, విప్పని కవరులో ఉంటుంది.

పుస్తకం విప్పనివారికి ఇంకో పద్ధతి ఉంది. చిక్కబడిన హైడ్రాలిక్ ఆయిల్‌లో కిరోసినో డీజిలో కలపడం. ఇది పనిచేస్తుంది. ఆ ఉదయానికి లోడర్ లేస్తుంది. తర్వాత అదే పలచటి ఆయిల్ వేడెక్కి గేర్ల మధ్య పొర నిలవనివ్వదు, బ్రేకు పలకల దగ్గర రాపిడి లెక్క తప్పిస్తుంది, నిప్పంటుకునే ఉష్ణోగ్రతను కిందికి దించుతుంది. ఇంజన్ ఆయిల్ విషయంలో పాత సైనిక విమానాలవారూ ఇలా చేసేవారని సమర్థించేవారున్నారు. నిజమే, వాళ్లు లెక్కగట్టి కలిపేవారు, కలిపింది ఇంజన్ వేడికి ఆవిరైపోయేది. ట్రాక్టర్ తొట్టి అంత వేడెక్కదు. కలిపింది అక్కడే ఉంటుంది.

ఆయిల్ డబ్బాల చరిత్రలో 303 అనే అంకెది ప్రత్యేకమైన స్థానం. అది ఒకప్పుడు జాన్ డీర్ ప్రమాణం. ఆ ఆయిల్‌లో స్పెర్మ్ వేల్ అనే తిమింగలం నుంచి తీసిన నూనె కలిపేవారు. గేర్లను కాపాడుతూనే బ్రేకులను జారనివ్వకపోవడంలో దానికి సాటి ఉండేది కాదు. 1970లలో తిమింగలాల రక్షణ కోసం అమెరికా ఆ నూనెను ఆపేసింది. కంపెనీ కూడా ఆ ప్రమాణాన్ని వదిలేసి కొత్తవి తెచ్చుకుంది. ప్రమాణం చచ్చిపోయింది కానీ పేరు బతికింది. దాన్ని పరీక్షించే యజమాని లేడు కాబట్టి ఎవరైనా పసుపు బకెట్ మీద 303 అని అచ్చు వేసుకోవచ్చు. వేసుకున్నారు. దశాబ్దాలపాటు ఆ బకెట్లు చవగ్గా అమ్ముడయ్యాయి.

2017లో మిస్సోరి రాష్ట్ర వ్యవసాయ శాఖ ఇలాంటి బకెట్లను పరీక్షించి, 303 పేరుతో అమ్మకాన్ని తన రాష్ట్రంలో నిషేధించింది. తర్వాత రైతులు కోర్టుల్లో దావాలు వేశారు. కాలంచెల్లిన ప్రమాణానికి సరిపోతుందని చెప్పుకునే ఆయిల్ ఏ ప్రమాణానికీ సరిపోనక్కర్లేదు, అందులో ఉన్న గమ్మత్తు అదే. చలి అనేది అలాంటి ఆయిల్‌ను ముందుగా పట్టుకునే తనిఖీ అధికారి. ఎండాకాలంలో మంచి ఆయిల్‌కూ చెత్త ఆయిల్‌కూ తేడా చూపాలంటే ప్రయోగశాల కావాలి. జనవరిలో లివర్ లాగితే చాలు.

ఇంతవరకూ మందగించిన ట్రాక్టర్ సంగతి. అసలు కదలనే కదలక, మధ్యాహ్నం ఎండ తగిలాక ఏమీ ఎరగనట్టు పనిచేసే ట్రాక్టర్‌ది వేరే జబ్బు. దానికి కారణం ఆయిల్ కాదు, ఆయిల్‌లోని నీరు.

నీరు ఎలా వస్తుంది? తొట్టి గాలి పీల్చి వదిలే చిన్న రంధ్రం గుండా తేమ లోపలికి పోతుంది. రాత్రి చల్లబడినప్పుడు ఆ తేమ లోపలి గోడల మీద చెమట పట్టి కిందికి జారుతుంది. రోజంతా పనిచేసే ట్రాక్టర్‌లో ఆయిల్ బాగా వేడెక్కి ఆ నీటిని తరిమేస్తుంది. చలికాలంలో ట్రాక్టర్ పని ఉదయం ఇరవై నిమిషాల గడ్డి మోతే. ఆ కాస్తలో ఆయిల్ వేడెక్కదు, నీరు పోదు. నీరు ఆయిల్ కంటే బరువు కాబట్టి తొట్టి అడుగుకు చేరుతుంది. పంపుకు ఆయిల్ అందించే జాలీ ఉండేది కూడా అడుగునే. జాలీ మీద మంచు పొర కడితే ఎంత ఖరీదైన సింథటిక్ ఆయిల్ పోసినా ఒకటే.

కొలిచే కడ్డీ బయటికి తీసినప్పుడు ఆయిల్ పాలు కలిపినట్టు తెల్లబడి ఉంటే నీరు కలిసిందని తెలుస్తుంది. కలిసిపోకుండా అడుగున విడిగా ఉన్న నీటిని కడ్డీ చూపించదు. అనుమానం తీరాలంటే తొట్టి అడుగు నుంచి తీసిన ఆయిల్ చుక్కను బాగా కాలిన పెనం మీద వేయాలి. ఆయిల్ మౌనంగా పొగలు కక్కితే నీరు లేనట్టు. తాలింపులో తడి కరివేపాకు పడ్డట్టు చిటపటమంటే ఉన్నట్టు. కళ్లకు అద్దాలు పెట్టుకుని, వంటకు వాడని పెనం మీద చేయాలి. ఈ రెండో షరతు గురించి ఇంట్లో అడిగి నిర్ధారించుకోవడం మంచిది.

నీటిని తీయడానికి ట్రాక్టర్‌ను వెచ్చటి షెడ్డులో పెట్టి, కొన్ని గంటలు కదపకుండా ఉంచి, తర్వాత అడుగు బిరడాను మెల్లగా వదులు చేయాలి. ముందు నీరు వస్తుంది, వెనక ఆయిల్. వెచ్చబడక ముందే బిరడా తీస్తే ఏమీ రాకపోవచ్చు. బిరడా తీసినా చుక్క రాలలేదంటే తొట్టి ఖాళీగా ఉందని కాదు, రంధ్రానికి లోపలి వైపు మంచుబిళ్ల ఉందని. ఆయిల్ పూర్తిగా తెల్లబడిపోయి ఉంటే ఒక్క మార్పిడి చాలదు. కాగితపు ఫిల్టర్ నీరు పీల్చి ఉబ్బుతుంది కాబట్టి దాన్నీ మార్చాలి.

పాత ట్రాక్టర్లలో తేమ కోసం ఇంత సిద్ధాంతం అక్కర్లేదు. ఫెర్గూసన్ పద్ధతితో 1939లో వచ్చిన ఫోర్డ్ 9ఎన్, దాని తర్వాతి 2ఎన్, 8ఎన్ ఇప్పటికీ అమెరికా పల్లెల్లో పనిచేస్తున్నాయి. వీటిలో గేరు లివర్ చుట్టూ ఉండే రబ్బరు తొడుగు చిరిగితే వాన నేరుగా గేర్‌బాక్సులోకి దిగుతుంది. బయట నిలిపిన ట్రాక్టర్ వానాకాలంలో సేకరించిన నీటిని చలికాలంలో మంచుగా అప్పజెబుతుంది. పంపు ఆ మంచులో చిక్కుకుని ఉన్నప్పుడు దాన్ని బలవంతంగా తిప్పితే విరిగేది మంచు కాకపోవచ్చు. రబ్బరు తొడుగు ఖరీదు ఎంతో, పంపు ఖరీదు ఎంతో దుకాణదారుడు సంతోషంగా చెబుతాడు.

ఆ మూడు మోడళ్లలో ఇంకో విశేషం. హైడ్రాలిక్ పంపు, వెనక పనిముట్లను తిప్పే పీటీఓ ఇరుసుతో కలిసి తిరుగుతుంది. పీటీఓ లివర్ వేయకపోతే లిఫ్ట్ లేవదు. కొత్తగా కొన్నవారు ఇది తెలియక చలిని, ఆయిల్‌ను, అమ్మినవాడిని వరసగా తిట్టుకుని చివరకు లివర్ దగ్గరికి వస్తారు.

స్టీరింగ్ బాగుండి, వెనక లిఫ్ట్ బాగుండి, లోడర్ ఒక్కటే కదలకపోతే తొట్టి నిర్దోషి. అప్పుడు లోడర్ వాల్వు లివర్‌ను చేత్తో కదిపి చూడాలి. లివరే కదలకపోతే వాల్వు లోపల జారే కడ్డీ కొనదగ్గర నీరు చేరి గడ్డకట్టిందని అర్థం. రబ్బరు తొడుగులు చిరిగితే, ట్రాక్టర్‌ను ఒత్తిడి నీళ్లతో కడిగితే ఇలా అవుతుంది. లివర్ కదిలి సిలిండర్ కదలకపోతే పైపులను కలిపే క్విక్ కప్లర్లను చూడాలి. వాటి లోపల ఆయిల్ కారకుండా ఆపే చిన్న గోళీ ఉంటుంది. ఊడదీసి ఉంచినప్పుడు అందులోకి పోయిన మంచు కరిగి, మళ్లీ గడ్డకట్టి ఆ గోళీని బిగించేస్తుంది. కప్లర్లతో పాటు ఇచ్చే ప్లాస్టిక్ మూతలు ఇందుకే ఉన్నాయి. అవి మొదటి ఏడాదిలోనే కనిపించకుండా పోతాయి.

గడ్డకట్టిన వాల్వు మీద మరిగే నీళ్లు పోయడం అందరికీ తోచే ఉపాయం. వాల్వు వెంటనే వదులుతుంది. పోసిన నీళ్లు మాత్రం అక్కడే ఉండి, మర్నాటి ఉదయానికి నిన్నటి కంటే ఎక్కువ మంచుగా తయారవుతాయి. వేడిగాలి ఊదే యంత్రం వాడటం, కరిగిన నీటిని గాలితో ఊది ఆరబెట్టడం, గ్రీజు పట్టించి తొడుగు మార్చడం సరైన పద్ధతి. గ్యాసు మంటతో వేడిచేసే వారికి రబ్బరు పైపులు, ఆయిల్ మరక, నిప్పు మూడూ ఒకచోట ఉన్నాయని గుర్తుచేయాలి. గుర్తుచేసేటప్పుడు కాస్త దూరంగా నిలబడాలి.

చలిలో ఆయిల్ కారడం కూడా ఇలాగే కంగారు పుట్టిస్తుంది. రబ్బరు సీళ్లు చలికి కుంచించుకుపోయి గట్టిపడతాయి. సందు ఏర్పడి ఆయిల్ చెమ్మగా కారుతుంది, వేడెక్కాక ఆగిపోతుంది. వేడెక్కాక ఆగే కారుడును రాసి పెట్టుకుంటే చాలు, ఆగనిదాన్ని బాగుచేయాలి. మామూలు హైడ్రాలిక్ పైపులకు మైనస్ 40 దాకా హామీ ఉంటుంది. మైనస్ 40 అంటే ఫారన్‌హీట్‌లోనూ సెల్సియస్‌లోనూ ఒకటే. అమెరికా మిగతా ప్రపంచంతో అంగీకరించే ఉష్ణోగ్రత అదొక్కటే.

గాలి తీవ్రత వల్ల మైనస్ 45లా అనిపిస్తుంది అని రేడియో చెప్పినప్పుడు కొందరు ఆ అంకెకు తగిన ఆయిల్ కోసం వెతుకుతారు. అనిపించేది చర్మానికి. ట్రాక్టర్‌కు ఏమీ అనిపించదు. గాలి వీస్తే అది త్వరగా చల్లబడుతుంది, అంతేగాని బయటి ఉష్ణోగ్రత మైనస్ 30 అయితే మైనస్ 30 దగ్గరే ఆగుతుంది.

ఇప్పుడు ఖరీదైన పొరపాటు దగ్గరికి వద్దాం. లోడర్ లేవని ట్రాక్టర్‌ను వర్క్‌షాపుకు తరలిస్తారు. వర్క్‌షాపులో హీటర్లు ఉంటాయి, లేకపోతే మెకానిక్ ఉండడు. పాత పంపు విప్పి కొత్తది బిగించేసరికి రెండు రోజులు. ఈ రెండు రోజులూ ట్రాక్టర్ వెచ్చగా ఉంటుంది. లివర్ లాగగానే లోడర్ లేస్తుంది. ఘనత కొత్త పంపుకు దక్కుతుంది. ఇంటికి చేరిన ట్రాక్టర్ బయట ఒక రాత్రి గడిపాక మళ్లీ మొరాయిస్తుంది. ఈసారి కొత్త పంపులోనే లోపముందని తీర్మానిస్తారు. విప్పకుండా ఒక రాత్రి వెచ్చగా ఉంచి, ఉదయం లివర్ లాగి చూసి ఉంటే ఇదే సమాచారం ఉచితంగా దొరికేది. వెచ్చగా ఉన్నప్పుడు కూడా పనిచేయకపోతేనే పంపును అనుమానించాలి. ఆ తర్వాత కూడా గేజు బిగించి ఒత్తిడి కొలవాలి.

సరైన ఆయిల్ ఉన్నా సరే, చలి ఉదయాన యంత్రానికి కొంత వ్యవధి ఇవ్వాలి. ఇంజన్ మెల్లగా తిరిగేలా ఉంచి పది, పదిహేను నిమిషాలు ఆగాలి. తర్వాత స్టీరింగ్ అటూ ఇటూ, లోడర్ ఖాళీగా కొద్దికొద్దిగా ఆడించాలి. దానివల్ల పైపుల్లో, సిలిండర్లలో నిలిచిన చల్లటి ఆయిల్ తొట్టికి చేరి వేడి ఆయిల్‌తో కలుస్తుంది. ఇదంతా ఆరుబయట జరగాలి. చలి వేస్తోందని షెడ్డు తలుపులు మూసి ఇంజన్ నడిపితే హైడ్రాలిక్స్ బాగుపడే లోపు కార్బన్ మోనాక్సైడ్ మనిషి పని చూస్తుంది.

వ్యవధి ఇవ్వలేనివారికి హీటర్లున్నాయి. ఉత్తర డకోటాలోని ఫార్గోలోనో కెనడాలోని విన్నిపెగ్‌లోనో చదువుకునే మన పిల్లలు కార్ల ముందు భాగం నుంచి ప్లగ్గు తీగలు వేలాడటం చూసి మొదట ఆశ్చర్యపోయే ఉంటారు. అవి ఇంజన్ హీటర్లవి. హైడ్రాలిక్ తొట్టికి కూడా అలాంటివే అతికించేవి, అయస్కాంతంతో పట్టుకునేవి దొరుకుతాయి. ఒకటే షరతు, హీటర్ వేడి ఎక్కువ వైశాల్యం మీద పరుచుకోవాలి. చిన్న బిళ్లలోంచి తీవ్రమైన వేడి వస్తే, పక్కనున్న చిక్కటి ఆయిల్ కదలలేక అక్కడికక్కడే మాడి మసిగా అంటుకుంటుంది. పైన ఆయిల్ చల్లగానే ఉంటుంది.

చివరగా రెండు జాగ్రత్తలు. గడ్డకట్టి గాలిలో నిలిచిపోయిన లోడర్ కింద నిలబడి దాన్ని బాగుచేయకూడదు. మంచు ఎప్పుడు వదులుతుందో చెప్పి వదలదు. రాత్రి ట్రాక్టర్ ఆపేటప్పుడే లోడర్ బకెట్టును నేలకు దించితే ఈ సమస్యే రాదు.

రెండోది, పైపులో ఎక్కడ కారుతోందో చేత్తో తడిమి చూడకూడదు. సూది బెజ్జమంత రంధ్రం నుంచి 170 బార్ల ఒత్తిడితో వచ్చే ఆయిల్ చలి గ్లోవులను, చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. అట్టముక్క అడ్డం పెట్టి చూడాలి. ఒకవేళ చేతిలోకి ఎక్కితే గాయం ముందు చీమకుట్టినంతే కనిపిస్తుంది, నొప్పి కూడా పెద్దగా ఉండదు. అయినా గంటల్లోనే శస్త్రచికిత్స చేయాల్సిన గాయమది, ఆలస్యమైతే వేలు, చేయి పోవచ్చు. ఆసుపత్రికి వెళ్లేటప్పుడు ఆయిల్ డబ్బాను కూడా వెంట తీసుకెళ్లాలి. లోపలికి పోయింది ఏమిటో వైద్యులు దాని మీద చదువుకుంటారు. పసుపు బకెట్ అయితే వాళ్లకూ పెద్దగా ఏమీ తెలియదు.